ఆఖరి లైను దాకా చదివినవాడు

దివిసీమలో సముద్రం అంచున ఉన్న కొత్తదిబ్బపాలెంలో కాశీరావు పేపరు చదవడం మొదలుపెడితే ఆఖరి లైను దాకా ఆగేవాడు కాదు. తేదీ, వారం, వర్జ్యం, ఢిల్లీ వార్త, తెనాలి దొంగతనం, కాలవ గట్ల టెండరు, తలనొప్పి బిళ్ళల ప్రకటన, ఏదీ వదిలేది లేదు. చిట్టచివర పేజీ అడుగున చీమ తలకాయలంత అక్షరాల్లో ఉంటుందే, ముద్రించినవారు ఫలానా, ప్రచురించినవారు ఫలానా, విజయవాడ అని, అది కూడా చదివి, పేపరు నాలుగు మడతలు పెట్టి తొడ కింద పెట్టుకునేవాడు. అప్పుడు గాని వలల పాకలో కూర్చున్న జనం లేచేవాళ్ళు కాదు. ఒకసారి జ్వరం వచ్చి ఆ లైను వదిలేస్తే, పేపరు పూర్తికాలేదని ముసలాళ్ళు కదలకుండా కూర్చున్నారు. అదీ వాళ్ళ పట్టుదల.

ఆ లైను సంగతి వాళ్ళకు నేర్పింది కాశీరావే, కాశీరావుకు నేర్పింది హనుమయ్య. కాశీరావుకు పాతికేళ్ళ వయసులో, వల లాగుతుంటే టేకు చేప తోకలోని విషపు ముల్లు కాలిలో దిగింది. నాటు మందులతో నాలుగు రోజులు నానబెట్టి, కాలు నల్లబడ్డాక విజయవాడ పెద్దాసుపత్రికి మోసుకెళ్ళారు. మోకాలి కింద తీసేశారు. ఎనిమిది నెలలు అక్కడే మంచం. పక్క మంచం మీద పటమటలో కాపురముండే హనుమయ్య, ఒక అచ్చాఫీసులో సీసపు అక్షరాలు పేర్చే మనిషి. పొద్దు పోక కాశీరావుకు పేపరు మీదే అక్షరాలు దిద్దించాడు. పలకా బలపం లేవు, పాత పేపరూ, చూపుడు వేలూ. "అన్నీ చదివి ఇది వదిలేస్తావేంట్రా? ఇందులో అబద్ధముంటే జైలుకు పోయేవాడి పేరు ఇదే. పేరు పెట్టుకుని చెప్పినోడి మాటే మాట. పేరు లేనిది పుకారు" అనేవాడు ఆయన. కాశీరావు ఒక కాలు ఆసుపత్రిలో వదిలేసి, ఆ మాట పట్టుకుని ఊరికి వచ్చాడు.

పడవ ఎక్కలేని బెస్తవాడికి పాలెంలో ఏం విలువ ఉంటుంది? కానీ ఇతనికి ఉండేది. అచ్చు చదివే నోరు ఊరు మొత్తానికి అదొక్కటే. పేపరు విజయవాడ నుంచి బస్సులో నాగాయలంక దాకా వచ్చి, అక్కడి నుంచి సైకిలు మీద మధ్యాహ్నానికి చేరేది. వేటకు పోయినవాళ్ళు కూడా వచ్చేసి ఉండేవాళ్ళు. మగాళ్ళు వలలు బాగుచేసుకుంటూ, ఆడాళ్ళు కొత్తవి అల్లుకుంటూ వినేవాళ్ళు. కాశీరావు పెదనాన్న కూతురు రత్తమ్మ ఎప్పుడూ ఒక్కచోటే, పాక నడిమి నిట్టాడి గుంజకు వీపు ఆనించి కూర్చునేది. చేతిలో దారం కండె, మోకాలి మీద వల. తల ఎత్తేది కాదు. వింటుందో లేదో తెలిసేది కాదు.

రత్తమ్మ మొగుడు మోకా పేరయ్య. కాశీరావుకు వరసకు బావ, చిన్నప్పుడు ఒకే దుంగ పట్టుకుని ఈత నేర్చుకున్నవాడు. పంచాయతీ సమితి వాళ్ళ రేవు పడవ నడిపేవాడు. డెబ్బయ్యో సంవత్సరం మాఘ పౌర్ణమికి సంగమ స్నానాలకు జనం పోటెత్తితే, ఆ పడవ నడి ఏట్లో అడుగు విచ్చుకుని మునిగింది. పద్నాలుగు మంది పోయారు. పేరయ్య అయిదుగురిని ఈడ్చి ఒడ్డున పడేసి, ఆరో మనిషి కోసం మునిగినప్పుడు తనే తేలలేక, ఎవరో జుట్టు పట్టి లాగితే బతికాడు.

మూడో రోజు పేపరు వచ్చింది. కాశీరావు ఎప్పటిలాగే తేదీ దగ్గర మొదలుపెట్టాడు. రెండో పేజీలో ఉంది. "పడవ నడిపిన మోకా పేరయ్య, తండ్రి జక్కయ్య, ఆ సమయమున తప్పతాగి యుండెను. సమితి అధ్యక్షులు శ్రీ వెంకటకృష్ణారావుగారు ఈ సంగతి మా విలేకరికి తెలియజేయుచు మిక్కిలి విచారము వెలిబుచ్చిరి." కాశీరావు తల ఎత్తాడు. ఎదురుగా పేరయ్య కూర్చున్నాడు, పక్కన రత్తమ్మ. వదలబుద్ధయింది. కానీ ఏనాడూ వదల్లేదు కదా. చదివాడు. టెండర్లూ చదివాడు. ఆఖరి లైనూ చదివాడు.

పేరయ్య ఆ రోజు లేచి దగ్గరికొచ్చి, "నేను తాగలేదు బావా" అన్నాడు, అంతే, మెల్లగా.

పేరయ్య పండక్కీ పబ్బానికీ తాగేవాడు, ఆ మాట నిజం. తాగి పడవ ఎక్కడం మాత్రం ఎవరూ చూడలేదు. అది కాశీరావుకూ తెలుసు. తెలిసీ ఏమన్నాడు? "అచ్చేసినోళ్ళకి నీ మీద ఏం పగ బావా?" అన్నాడు. చదువొచ్చినవాడి పొగరో, అచ్చు మీద వెర్రి నమ్మకమో, ఆ ఒక్క మాట నోరు జారింది. నోరు జారిన మాట ఏట్లో జారిన తెడ్డు లాంటిది, ఇక చేతికి రాదు.

పోలీసులు పేరయ్యను పట్టుకుపోయారు. ఏడాదిన్నర జైల్లో ఉండి వచ్చాడు. వచ్చాక అతని పడవలో ఒక్కడు కాలు పెడితే ఒట్టు. వేటకు పిలిచినవాడు లేడు. మూడేళ్ళు ఇంటి అరుగు మీద దగ్గుతూ కూర్చుని, ఒక వానాకాలం పోయాడు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు, పేరయ్య విషయంలో ఆ సామెత కూడా అబద్ధమైంది. పాడె మోసేటప్పుడు సైతం వెనక ఎవరో తాగుడు సంగతి ఎత్తారు. రత్తమ్మ అప్పుడు కూడా ఎవరినీ ఏమీ అనలేదు. కాశీరావును అన్నా అని పిలవడం మానలేదు, వలల పాకకు రావడం మానలేదు. ఆమె తిట్టినా బాగుండేదని కాశీరావుకు అనిపించేది.

ఇక డెబ్బయ్యేడు కార్తీకంలో ఉప్పెన. దాన్ని గురించి దివిసీమ మనిషికి చెప్పేదేముంది! సముద్రం లేచి వచ్చి ఊరి మీద పడుకుంది. నూట ఇరవై గడపల్లో నలభై మిగిలాయి. కాశీరావు పెళ్ళాం, కొడుకు, కోడలు పోయారు. ఒంటికాలి మనిషి తను మాత్రం తాటి దుంగకు చిక్కుకుని బతికాడు. ఆరేళ్ళ మనవరాలు సీతారావమ్మ జాడ లేదు. రెండో రోజు మధ్యాహ్నం మొలలోతు బురదలో ఒక పెద్దమనిషి నడిచి వచ్చాడు. పంచె లేదు, బనీనూ లాగూ, గీరుకుపోయిన చేతులు. భుజం మీద సీతారావమ్మ ఉంది. తుమ్మచెట్టు కొమ్మల్లో వేలాడుతుంటే దింపానన్నాడు. ఆయనే సమితి అధ్యక్షుడు వెంకటకృష్ణారావు.

పిల్లను తాతకు చూపించి, మళ్ళీ ఎత్తుకుని ఆరు మైళ్ళు బురదలో నడిచి లారీ ఎక్కించాడు, మందిప్పించాడు. ఆ పదిహేను రోజులూ ఆయన అక్కడే. బియ్యం బస్తా వీపు మీద వేసుకుని వచ్చాడు. ముట్టుకోవడానికి సొంతవాళ్ళే జంకిన శవాలను ఈయన మోశాడు, చితి పేర్చాడు. గుడిసెలకు తాటికమ్మలు కప్పించాడు. రత్తమ్మ గుడిసె కూడా ఆయన వేయించిందే. ఇది కట్టుకథ కాదు, పాలెం కళ్ళారా చూసింది. మనిషన్నవాడు అలా ఉండాలని కాశీరావు రోజుకోసారి అనేవాడు. పేరయ్య గుర్తొచ్చినప్పుడు మాత్రం ఆ మాట కాస్త తగ్గించి అనేవాడు.

మూడు నెలలకే అసెంబ్లీ ఎలక్షన్లు వచ్చాయి. వెంకటకృష్ణారావు నిలబడ్డాడు. పాత పార్టీ వదిలి కొత్తదాంట్లో చేరి నిలబడ్డాడు. దాంతో ఆయనను ఇన్నాళ్ళూ నెత్తిన పెట్టుకున్న విజయవాడ పేపరుకు ఆయన కానివాడైపోయాడు. ఉప్పెనప్పుడు ఆయన బొమ్మ మొదటి పేజీలో వేసిన పేపరే ఇప్పుడు ఆయన పేరు ముందు శ్రీ కూడా పీకేసింది.

ఎలక్షన్లకు పదిరోజులుందనగా వచ్చింది ఆ వార్త. మూడో పేజీ, మూడు కాలాలు. కాశీరావు చదువుతూ చదువుతూ పేజీ తిప్పాడు, కళ్ళు ముందుకు పోయాయి, నోరు ఆగింది. రేవు పడవ పనికిరాదని, అడుగు పుచ్చిందని ఓవర్సీరు ముందే కాగితం రాశాడట. ఆ కాగితం మీదే, తిరనాళ్ళ దాకా నడపండి, తరువాత చూద్దామని సమితి అధ్యక్షుడు రాసి సంతకం పెట్టాడట. పడవ కాంట్రాక్టు ఆయన బావమరిదిది. మునిగాక నేరం పడవ మనిషి మీదికి నెట్టారట. ఆ కాగితం బొమ్మ కూడా అచ్చేశారు. కింద ఇంకో ముక్క ఉంది. ఈ పత్రం ఆ రోజుల్లోనే మా విలేకరికి చిక్కినది అని.

ఆ రోజుల్లోనే. అంటే పేరయ్యను తాగుబోతని రాసిన నాడే ఆ కాగితం వాళ్ళ బల్ల సొరుగులో ఉందన్నమాట. అప్పుడాయన వాళ్ళవాడు గనక సొరుగు తెరుచుకోలేదు. ఇప్పుడు ఎదుటివాడు గనక తెరుచుకుంది. ఒరే దుర్మార్గుల్లారా అనుకున్నాడు కాశీరావు. ఒళ్ళు మండింది. తల ఎత్తితే ఎదురుగా పాక నిండా ఉప్పెన మిగిల్చిన మొహాలు, ఆయన బియ్యం తిన్న మొహాలు. వాళ్ళ మధ్య ఆడుకుంటున్న సీతారావమ్మ. నిట్టాడి దగ్గర తల వంచుకుని రత్తమ్మ.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే కదా అనిపించింది. పోయిన పేరయ్య ఎటూ రాడు. బతికిన పిల్ల ఎదురుగా ఉంది. ఎనిమిదేళ్ళ కిందటి సంతకాన్ని పట్టుకుని, మొన్న శవాలు మోసిన చేతిని నరుకుతామా? కాశీరావు చూపు జరిపి పక్క కాలం అందుకున్నాడు. గుడివాడలో ధాన్యం ధర, మచిలీపట్నంలో సైకిళ్ళ దొంగ, అన్నీ చదివాడు. ఆఖరి లైను దగ్గరకు వచ్చాడు. గొంతు పెంచి మరీ చదివాడు దాన్ని. ఊరు తృప్తిగా లేచింది. ఆ లైను విన్నాక పేపరంతా విన్నట్టేనని వాళ్ళ నమ్మకం, ఆ నమ్మకం అతను పెంచినదే.

రత్తమ్మ ఒక్కతే లేవలేదు. వల చేతిలో ఎత్తి పట్టుకుని చూసుకుంటోంది.

"ఇయ్యాల పేపరు చిన్నదా అన్నా?" అంది.

రోజూ ఎంతుంటుందో అంతేనన్నాడు. ఆమె వల నేల మీద పరిచింది. పేపరు మొదలుపెట్టినప్పుడు మొదటి ముడి వేసి, ఆఖరి లైను వినగానే కండె ఆపడం ఆమెకు అలవాటట. పదేళ్ళుగా అంతే. తొమ్మిది వరసలు పడతాయి. అతను గొంతు బొంగురుపోయి మెల్లగా చదివిన రోజు పది. ఇవాళ ఎనిమిది కూడా నిండలేదు.

"మూడో పేజీ తిప్పాక ఆగావు. ఆ తరవాత నీ గొంతు మారింది. ఏం మింగావన్నా?"

కాశీరావు పేపరు మడత సర్దాడు. ఏమీ లేదమ్మా, తలనొప్పి బిళ్ళల ప్రకటనేదో రెండుసార్లు వేశారు, ఒకటి వదిలేశాను అన్నాడు. జీవితంలో పేపరు చేత్తో పట్టుకుని తనంత తాను ఆడిన మొదటి అబద్ధం అది. రత్తమ్మ సరేనంది. వల చుట్టుకుని వెళ్ళిపోయింది. ఆమె నమ్మలేదని ఆమె నడకే చెప్పింది.

మర్నాడు పొద్దున్నే వెంకటకృష్ణారావు జీపు వచ్చింది. మైకు లేదు, దండలు లేవు. దిగీ దిగగానే సీతారావమ్మ పరుగెత్తుకెళ్ళి ఆయన మెడ పట్టుకుంది. ఆయన దాన్ని ఎత్తుకునే ఇల్లిల్లూ తిరిగి, కాశీరావు గుమ్మం ముందు కూర్చున్నాడు. మిగతావాళ్ళు కాస్త దూరం వెళ్ళాక, పేపరు వచ్చిందా అని అడిగాడు. వచ్చిందండి అన్నాడు కాశీరావు. ఆ తరవాత ధైర్యం చేశాడు.

"ఆ సంతకం తమరిదేనాండీ?"

ఆయన పిల్ల జుట్టు సవరించాడు. "నాదే కాశీరావ్. అబద్ధమాడితే మొన్న నేను మోసిన శవాలు ఊరుకోవు. ఒక్కొక్కరిని మోస్తుంటే ఆ పద్నాలుగు మందే గుర్తొచ్చారు. అందుకే మోశాననుకో" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. నటన కాదది, కాశీరావు ప్రమాణం చేసి చెప్పగలడు. ఆ తరవాతే ఆయన గొంతు తగ్గించి, పాకలో చదివావా అని అడిగాడు.

"లేదండి."

"మంచి పని చేశావు." ఆయన చెయ్యి కాశీరావు భుజం మీద పడింది. "ఎలక్షను కానియ్యి. తరవాత నేనే వచ్చి రత్తమ్మతో చెబుతా."

తరవాత చూద్దాం. పుచ్చిన పడవ కాగితం మీద రాసిన మాటా అదే. జీపు వెళ్ళిపోయింది గానీ, ఆ చెయ్యి మాత్రం కాశీరావు భుజం మీదే ఉండిపోయినట్టనిపించింది. ఆనాడు ఆ విలేకరి భుజం మీద కూడా ఇదే చెయ్యి పడి ఉంటుంది. మంచి పని చేశావని అతనితోనూ అని ఉంటాడు. సొరుగు ఉన్నది విజయవాడలోనే అనుకున్నాడు ఇన్నాళ్ళూ. తన తొడ కింద మడత పెట్టుకున్నదేమిటి మరి? కాశీరావుకు తన మీద తనకే అసహ్యం వేసింది. పిల్లను బతికించినందుకు ఆయన కాళ్ళకు దండం పెట్టవచ్చు, పదిసార్లు పెడతాడు. ఆ దండం రత్తమ్మ నెత్తి మీద నిలబడి పెట్టే హక్కు ఎవరిచ్చారు?

ఆ మధ్యాహ్నం కొత్త పేపరు వచ్చింది. కాశీరావు దాన్ని పక్కన పెట్టి పాతది విప్పాడు. నిన్నటిది అయిపోయింది కదా అన్నారెవరో. అవలేదు, ఒక ముక్క మిగిలిందన్నాడు. మూడో పేజీ తీసి, మూడు కాలాలూ మొదటి అక్షరం నుంచి చదివాడు. ఓవర్సీరు కాగితం, సంతకం, బావమరిది, విలేకరికి చిక్కిన రోజు, అన్నీ. సగం చదివేసరికి కొండలయ్య అనే పెద్దాయన లేచి, మనకు అన్నం పెట్టినోడి మీద ఇది ఇప్పుడెందుకురా అని కేకలేశాడు. ఇంకొకడు ఓట్ల కోసం పుట్టించిన కాగితమన్నాడు. సంతకం తనదేనని ఆయనే పొద్దున నా గుమ్మంలో ఒప్పుకున్నాడని కాశీరావు చెప్పాడు. కొండలయ్య కూర్చుండిపోయాడు.

రత్తమ్మ చేతిలో కండె ఆగి ఉంది.

"ఆయన పేరున్న ముక్క ఇంకోసారి చదువు" అంది.

"వెంకటకృష్ణారావుగారిదా?"

"నా మొగుడిదన్నా."

కాశీరావు వెతికాడు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. పడవ మనిషి అని ఉంది. నావికుడు అని ఒకచోట ఉంది. పేరయ్య లేడు. తాగుబోతన్న నాడు తండ్రి పేరుతో సహా వేసినవాళ్ళు, తప్పు లేదని తేలిన నాడు పేరే వేయలేదు. వాళ్ళకు కావలసింది వెంకటకృష్ణారావు, పేరయ్య కాదు. అప్పుడూ కాదు, ఇప్పుడూ కాదు.

"పేరు వెయ్యలేదమ్మా" అన్నాడు. పేపరు మడిచి పక్కన పెట్టి, బావ తాగలేదు, నాకప్పుడే తెలుసు, అయినా అచ్చును నమ్మి నిన్నూ ఆయన్నీ ముంచాను, నిన్నా అదే పని చేశాను అన్నాడు అందరి ముందూ.

రత్తమ్మ వల పక్కన పెట్టింది. ఆమె ఏడవలేదు. "ఆ బియ్యం నేనూ తిన్నానన్నా. ఆయన వేయించిన గుడిసెలోనే పడుకుంటున్నా. చేసిన మేలు లేదంటే కళ్ళు పోతాయి. ఓటు ఎవరికేసుకుంటారో మీ ఇష్టం, నేనడగను. ఆ మేలు కింద నా మొగుణ్ణి మాత్రం పూడ్చకండి" అంది. ఆగి, పక్కనున్న పేపరు వైపు వేలు చూపించింది. "అది పట్టుకుని చెప్పు. ఆనాడు పట్టుకునే చెప్పావుగా."

కాశీరావు పేపరు మళ్ళీ విప్పాడు. ఇరవై ఏళ్ళలో పేపరుకు ఒక్క అక్షరం కలిపి ఎరగనివాడు. వేలు మూడో పేజీ మీద ఆనించాడు. ఎక్కడ మొదలుపెట్టాలో ఒక క్షణం తెలియలేదు. తరవాత గొంతు సవరించుకుని, వార్త చదివే గొంతుతోనే, పాక బయట నిలబడ్డవాళ్ళకు కూడా వినపడేలా చదివాడు.

"మోకా పేరయ్య, తండ్రి జక్కయ్య, కొత్తదిబ్బపాలెం. ఆ రోజు తాగి లేడు. పడవ పుచ్చిపోయి మునిగింది. పేరయ్య అయిదుగురిని ఒడ్డుకు చేర్చాడు."

ఆ తరవాత అడుగున ఉన్న ఆఖరి లైను చదివాడు. ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు, విజయవాడ. ముసలాళ్ళు లేవబోయారు. కాశీరావు చెయ్యెత్తి ఆపి, "చదివినవాడు కాశీరావు" అని, పేపరు మడిచాడు.

రత్తమ్మ కండె తీసుకుంది. మరి రెండు ముడులు వేసి మళ్ళీ ఆపింది.

"ఇంకోసారి చదువన్నా" అంది.

కాశీరావు పేపరు విప్పి, ఆ మాటలు లేని చోటే వేలు పెట్టి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు.